కొల్లేటికోట చెరువు మీద ఆలస్యంగా మోగిన బెల్లు

2022 వానాకాలం. ఏలూరులో చేపల చెరువులకు పరికరాలు అమర్చే ఒక చిన్న సంస్థలో సాఫ్ట్‌వేర్ పని చూసేదాన్ని. ఉన్నది ముగ్గురం. లైనక్స్ అనే కంప్యూటరు సిస్టమ్ తెలిసింది నాకొక్కదానికే కాబట్టి, నాకు తెలియనిది లేదన్న ధీమా కూడా నాకే ఉండేది.

కొల్లేటికోట దగ్గర సత్యనారాయణ గారి చెరువులో ఆక్సిజన్ కొలిచే మీటరు పెట్టాం. గట్టు మీది షెడ్డులో చిన్న కంప్యూటరు, దానికో బెల్లు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. బెల్లు మోగగానే కాపలా మనిషి ఏరేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు, వేయాలి. అక్కడి కాపలా మనిషి యేసుపాదం గారు, పదిహేనేళ్లుగా అదే గట్టు. అంతకుముందు చేపలు గాలి కోసం పైకొచ్చే తీరు చూసి తనే ఏరేటర్లు వేసేవారు. మేం వచ్చాక సత్యనారాయణ గారు, “బెల్లు మోగేదాకా స్విచ్చి ముట్టుకోకు” అన్నారు. అలా చెప్పమని సలహా ఇచ్చింది నేనే.

మొదటి ముసురులోనే చేపలు పోయాయి. యేసుపాదం గారు బెల్లు కోసం చూసి చూసి, చివరికి ఆగలేక ఏరేటర్లు వేశారట. అప్పటికే శీలావతి చేపలు చచ్చి తేలాయి. కంప్యూటరు రికార్డులో మాత్రం ఐదింటికే ఆక్సిజన్ పడిపోయినట్టు ఉంది. అంటే బెల్లు మోగి ఉండాలి, మనిషి నిద్రపోయి ఉండాలి అనుకున్నారంతా.

నన్ను పిలిపించారు. ల్యాప్‌టాప్‌తో లాగిన్ అయి మీటరు ప్రోగ్రాం నడిపాను. అంకెలు ఎప్పటికప్పుడు వచ్చాయి. బెల్లు విడిగా నొక్కి చూశాను, మోగింది. ‘పరికరం సవ్యంగా ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం చూసి సత్యనారాయణ గారు, చేపలు పట్టడానికి వచ్చిన కూలీలందరి ముందు యేసుపాదం గారిని నిద్రమొహం అని తిట్టి పనిలోంచి తీసేశారు. కాపలాలో నిద్రపోయాడన్న పేరు వచ్చిన మనిషిని చుట్టుపక్కల ఏ చెరువు వాళ్లూ పెట్టుకోరు.

మూడు రోజుల తర్వాత యేసుపాదం గారు బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చారు.

“మేడంగారూ, బెల్లు మోగలేదని నేననడం లేదండి. తెల్లగా తెల్లారాక మోగిందండి. అదీ ఆగకుండా వరసగా మోగిందండి.”

“రికార్డులో ఐదింటికే ఉందండి.”

“ఉంటే ఉంటుందండి. మీరు ఆ వేళ అంకెలు చూస్తా పరీక్ష చేశారు కదండి. అవేం చూడకుండా ఓసారి చేస్తారా అండి?”

నాకు కోపం వచ్చింది. నాకు పని నేర్పడానికి వచ్చారా అనుకున్నాను. అయినా ఆఫీసులో ఉన్న రెండో సెట్టు, చెరువు మీద ఉన్నట్టే బిగించి, మరిగించి చల్లార్చిన నీళ్ల బకెట్లో మీటరు ముంచాను. అలాంటి నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. బెల్లు మోగలేదు. టీ తాగాం. మోగలేదు. నలభై నిమిషాలు దాటాక ఒక్కసారిగా మొదలై వరసగా మోగుతూనే ఉంది.

“ఇలాగేనండి ఆ వేళానూ,” అన్నారు యేసుపాదం గారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కారణం ఇదీ. అంకెలు చదివే ప్రోగ్రాం ఒకటి, బెల్లు కొట్టేది ఇంకొకటి. మొదటిది రాసింది రెండోదానికి పైపు అనే దారిలో వెళ్తుంది. లైనక్స్ లాంటి యునిక్స్ తరహా సిస్టమ్స్‌లో చాలా ప్రోగ్రాములు, అవతల ఉన్నది టెర్మినలా కాదా అని ముందు కనుక్కుంటాయి. టెర్మినల్ అంటే ఒకప్పుడు కంప్యూటరుకు వైరుతో తగిలించిన తెర, కీబోర్డు. టెర్మినల్ అయితే మనిషి చూస్తున్నాడనుకుని ఒక్కో వరుసా వెంటనే పంపుతాయి. పైపు అయితే నాలుగు వేల అక్షరాలు పోగయ్యేదాకా దాచి ఒక్కసారే కుమ్మరిస్తాయి. మాది అరనిమిషానికో చిన్న వరుస, పోగవడానికి దాదాపు ముప్పావుగంట పడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బెల్లు అది. ఎవరైనా చూస్తుంటేనే సరిగ్గా పనిచేసే బాపతు నా ఏర్పాటే. ఆ పేరు పడింది మాత్రం యేసుపాదం గారికి.

మీటరు ప్రోగ్రాం వేరే కంపెనీది, మార్చే వీల్లేదు. అందుకని సూడోటెర్మినల్ వాడాను. ఇది సిస్టమ్ తనే పుట్టించే ఉత్తుత్తి టెర్మినల్. దానికి రెండు కొసలు. ఒక కొస ప్రోగ్రాంకు అచ్చం తెర, కీబోర్డులాగే కనిపిస్తుంది. రెండో కొస ఇంకో ప్రోగ్రాం చేతిలో ఉంటుంది. ఇటు రాసింది అటు, అటు రాసింది ఇటు చేరుతుంది. ల్యాప్‌టాప్‌తో లాగిన్ అయినప్పుడు నాకు తెలియకుండా నేను వాడిందీ అదే. అందుకే ఆ రోజు అంకెలు ఎప్పటికప్పుడు వచ్చాయి. ఈసారి మీటరు ప్రోగ్రాంను ఒక కొసకు, బెల్లును రెండో కొసకు తగిలించాను. బకెట్లో ముంచిన అరనిమిషానికి బెల్లు మోగింది.

సత్యనారాయణ గారికి ఫోన్ చేసి తప్పు మాదని చెప్పాను. “అలాగేనమ్మా, అతన్ని మళ్లీ పనిలోకి రమ్మనండి,” అన్నారు.

యేసుపాదం గారు రానన్నారు. “పదిమంది ముందు అన్నారండి. పనైతే వస్తుంది, పోయిన పేరు ఎలా వస్తుందండి?”

మళ్లీ చేపలు పట్టే రోజున ఆయన్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లాను. కూలీలంతా ఉన్నారు. “రికార్డులో ఉన్నది మీటరు చదివిన టైమండి. బెల్లు మోగింది ముప్పావుగంట తర్వాత. ఈయన మేలుకునే ఉన్నారు. తప్పు నాది,” అన్నాను. సత్యనారాయణ గారు యేసుపాదం గారి దగ్గరికి వచ్చి, “నేనూ తొందరపడ్డానయ్యా,” అన్నారు.

యేసుపాదం గారు నావైపు తిరిగారు. “ఇకనించి చేపలు పైకొస్తే బెల్లు కోసం ఆగక్కర్లేదు కదండి?”

“ఆగొద్దండి.”

సూడోటెర్మినల్ గురించి పుస్తకాల్లో ఎంతైనా ఉంటుంది. యంత్రం బాగుందని రాసిన ప్రతిసారీ, దాని పక్కనున్న మనిషి తప్పు చేశాడని కూడా రాస్తున్నానన్న సంగతి మాత్రం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇప్పుడు సంతకం పెట్టేముందు, ఆ కాగితం వల్ల ఎవరి పని పోతుందో అడుగుతాను. అడిగి, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను.