దింపుడు కల్లం బాట

మా అత్త దేవవ్వకు కోర్టంటే భయం లేదు. బోధన్ కోర్టు మెట్లు మా ఇంటి గడప ఎక్కినట్టే ఎక్కుతది. బంట్రోతు ఆమె పేరు సగం పిలువకముందే "ఉన్న బిడ్డా, వస్తున్న" అంటది, నేను పక్కన సిగ్గుతోని సచ్చిపోత. బీడీలు చేసి చేసి వేళ్ళు వంకర పోయినయ్ గని నడుము మాత్రం వంగలె. ముక్కు మీద కోపం మనిషికి. నాది గూడ తక్కువ కోపమేం గాదు, అందుకే మా ఇంట్ల సప్పుడు ఎప్పుడు ఉంటనే ఉంటది.

మా ఊరి ఎనుక చెరుకు చేన్ల నడుమకెళ్ళి వాగు దాక ఒక బండ్ల బాట ఉండె. చెరుకు బండ్లు పోయేది దాని మీదనే, సచ్చినోళ్ళను తీస్కపోయేది దాని మీదనే. వాగు ఒడ్డున స్మశానం, నడి బాటల ఒక బండ కాడ దింపుడు కల్లం. పాడెను ఆడ కింద దించుతం. అయినోళ్ళు వంగి చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తరు, పానం ఏ మూలనన్న ఉంటె లేస్తరేమోనని. ఇప్పటిదాక ఎవ్వరు లేవలె. అయినా పిలువకుంటె మనసు ఊకుంటదా?

మా మామ కాశయ్య పోయిన్నాడు మా ఆయన రంజిత్ దుబాయ్‌ల ఉండె. సెలవు దొరకలె, రాలేకపోయిండు. అందరు ఒకరి మొకం ఒకరు సూస్కుంటుంటె మా అత్తనే ముందుకొచ్చి కూసుండి మొగని చెవుల పిలిచింది. ఆడిది పిలుసుడేందని ఒక్కరు గూడ అనలె. అంటె ఏమైతదో అందరికి ఎరుకే.

షుగర్ ఫ్యాక్టరీ బందయినంక చెరుకు తగ్గింది, ప్లాట్లు పెరిగినయ్. మా ఊరి సురేందరే ఆ చేన్లు కొని వెంచర్ ఏసిండు. జేసీబీ పెట్టి బాట చెరిపి, మొరం పరిచి, చుట్టు కంచె ఏసి గేటు పెట్టిండు. స్మశానానికి మెయిన్ రోడ్డు మీదికెళ్ళి చుట్టు తిరిగి పోండ్రన్నడు. గా యేడాది ఒక ముసలామె పోతె గట్లనే తీస్కపోయినం. ఎనుకకెళ్ళి లారీలు హారన్లు కొడుతుంటె రోడ్డు మీద పాడె ఏడ దించుతం? ఆ రోజు మా అత్త బువ్వ ముట్టలె.

"పిలువకుండనే కాలవెట్టినం పిల్లా" అన్నది.

తెల్లారి నన్ను, ఊరోళ్ళను పదిమందిని ఎంటేస్కొని నిజామాబాద్‌ల స్నేహలత వకీలమ్మ దగ్గరికి పోయింది. ఊరంత కోర్టుకు రానక్కర్లేదు, కోర్టు ఒప్పుకుంటె ఊరందరి తరఫున ఒక్కరు కేసు ఏయొచ్చు, పేపర్ల నోటీసు ఏయించి ఊర్ల డప్పు సాటిస్తె సరిపోతదని మేడం చెప్పింది. ఇగ ఆ ఒక్కరు ఎవరు అనంగనే మావోళ్ళు సూడాలె! ఒకడు ఆకాశం సూసె, ఒకడు చెప్పులు సూసె. ముసలి పోశయ్యకైతె ఇంటికాడ బర్రెకు నీళ్ళు పెట్టలేదని అప్పుడే యాదికొచ్చింది. ఆయన మనుమడేమో సురేందర్ దగ్గర ప్లాట్లు అమ్ముతడు, అదీ అసలు సంగతి. మా అత్త ఎవ్వర్ని బతిమాలలె. "నా పేరు రాయి మేడం" అన్నది, అయిపాయె.

కేసు పడ్డంక సురేందర్ మా ఇంటికొచ్చిండు. పెద్దవ్వా అనుకుంట తియ్యగ మాట్లాడిండు. కేసు వాపస్ తీస్కుంటె కార్నర్ ప్లాటు ఆమె పేరు మీద రాస్తనన్నడు. అత్త అవునన్లె, కాదన్లె, చాయ్ తాగిపిచ్చి పంపింది. వాని మొకం మీద ఉమ్మెయ్యక చాయ్ ఎందుకు పోసినవని లొల్లి పెట్టిన. ఆమె స్నేహలత మేడంకు ఫోన్ కొట్టింది. ఇది ఊరందరి కేసు, ఒక్కరు రాజీ అయితె చెల్లదు, ఊరందరికి నోటీసు పోవాలె, కోర్టు ఒప్పుకోవాలె అని మేడం చెప్పింది. ఇగ సూడు ఆమె సంబురం!

"గట్లయితె నన్ను కొంటె సాలదు, ఊరంతటిని కొనాలె వాడు" అని నవ్వింది.

కోర్టు ఒక పడుసు వకీలును కమిషనర్‌గ ఏసి, బాట ఉండెనా లేదా సూసి రమ్మన్నది. ఆ రోజు ఊరంత గేటు కాడికొచ్చింది, కేసు ఏసెటప్పుడు ఎనుకకు జరిగినోళ్ళు గూడ. సురేందర్ కాయితాలు పట్టుకొని నిలవడ్డడు. ఊరి నక్షల సూస్తె బాట లేదు. నేల మీద సూస్తె ఎర్ర మొరం తప్ప ఏం లేదు, దింపుడు కల్లం బండను గూడ జేసీబీ ఎత్తుకపోయింది. గుర్తు ఏమన్న ఉన్నదా అమ్మా అని కమిషనర్ అడిగిండు. మా అత్త లోపలికి నడిచి, ఒక జాగల ఆగి, మొరంల మోకాళ్ళ మీద కూసున్నది.

"కాశయ్యా... కాశయ్యా... కాశయ్యా..."

నాకు కండ్లల్ల నీళ్ళు ఆగలె. గప్పుడు ఎనుకకెళ్ళి పోశయ్య వచ్చిండు. మనుమడు అంగీ పట్టి గుంజుతుంటె ఇదిలిచ్చుకొని, ఆమె పక్కనే వంగి, సచ్చిపోయిన పెండ్లాన్ని పిలిచిండు.

"గోదావరీ..."

ఇగ ఒక్కొక్కరే వచ్చిండ్రు. ఎవరి మనిషిని ఆళ్ళు పిలిచిండ్రు. తల్లుల పేర్లు, అన్నల పేర్లు, ఒకామె పురిట్ల పోయిన బిడ్డ పేరు. అందరు వంగింది గా జాగలనే. కమిషనర్ పెన్ను పట్టుకొని అట్లనే నిలవడ్డడు. మా అత్త లేసి, చీర దులుపుకొని, సురేందర్ దిక్కు మళ్ళింది.

"మీ బాపును నువ్వు గూడ ఈడనే పిలిచినవ్ గద సురేందరూ. అప్పుడు నేను నీ ఎనుకనే ఉన్న."

నిజమేనా అని కమిషనర్ అడిగిండు. సురేందర్ చేతిలున్న కాయితాలు మడిచిండు. అవునన్నడు. కమిషనర్ అది రాసుకున్నడు.

తర్వాత వాయిదాకు వాళ్ళ వకీలే లోక్ అదాలత్‌ల రాజీకి వస్తమన్నడు. చెరుకు బండి పట్టేటంత బాట ఇడుసుడు, దింపుడు కల్లం జాగ ఖాళీ ఉంచుడు, ఆ బాటకు గేటు ఉండొద్దు. మిగతా ప్లాట్లు వాడు అమ్ముకోవచ్చు. రాజీ సంగతి ఊర్ల డప్పు సాటిచ్చిండ్రు, ఒక్కరు గూడ వద్దనలె. ఇగ దీని మీద అప్పీలు ఉండదని స్నేహలత మేడం చెప్పంగనే మా అత్త కోర్టు వరండలనే ఆమెను కావలిచ్చుకున్నది.

కంచె తీసిన్నాడు మేమిద్దరం బాట మీద నడిచినం. దింపుడు కల్లం కాడ మా అత్త ఆగింది.

"నన్ను గూడ ఈడనే దించుతరు. రంజిత్ రాకుంటె నువ్వే పిలువాలె సవితా. ఒక్కసారి పిలువు సాలు. రోజు నీ గొంతు ఇనుకుంటనే ఉన్న గద."

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది.

"మూడుసార్లు పిలుస్త అత్తా. లేచేదాక పిలుస్త. కోర్టే ఒప్పుకున్నది" అన్న.

ఆమె నా చెయ్యి పట్టుకొని ఇంటి దిక్కు మళ్ళింది.