పాట ఎవరికి?

మల్కాజ్‌గిరిలో మా అక్క కర్రీ పాయింట్ నడుపుతుంది. పొయ్యి కంటే ముందు అక్కడ రేడియో అంటుకుంటుంది. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయలు ఆవిడ తరుగుతుంటే, నేను పప్పు కవర్లలో పోసి రబ్బరు బ్యాండ్లు వేస్తుంటాను. ఎఫ్.ఎం. కుర్రాడు ఆపకుండా వాగుతుంటాడు. వాడి వాగుడు నాకు పడదు, అక్కకు మాత్రం ప్రాణం.

అక్కకు తీన్మార్ దెబ్బ ఉన్న పాటలంటే పిచ్చి. అలాంటి పాట ఒకటి అడగాలని ఎన్నాళ్లుగానో ఫోన్ చేస్తోంది. ఒక పొద్దున కలిసింది. కొట్టు ముందు కూరలకొచ్చిన జనం ఉన్నారు. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని గొంతు సవరించుకుంది. ఏళ్ల తరబడి పోపు ఘాటు మింగి బొంగురుపోయిన గొంతు అది. మనిషికి యాభై దాటి ఎంతో కాలేదు.

"హలో బామ్మా! ఫోన్ ఎవరు కలిపిచ్చిన్రు?" అన్నాడు వాడు. వెనకాల నవ్వులు వినిపించాయి.

అక్క పాట పేరు చెప్పింది.

"అమ్మో, ఈ వయసుల గా పాటనా! ఎవరికి డెడికేట్ చేస్తున్నరు? మనవళ్లకా?"

అక్క తడబడింది. "ఆఁ," అంది.

"మనవళ్లకు తర్వాత ఏద్దాం. ముందు మీకోసం మంచి భక్తి పాట!"

వేశాడు కూడా. కొట్టు ముందున్న వాళ్లంతా నవ్వారు, ఊరికే, చెడ్డ మనసుతో కాదు. నాకైతే ఆ రేడియోను తీసి చారు గిన్నెలో ముంచాలనిపించింది. అక్క కొడుక్కి ఇంకా పెళ్లే కాలేదు, మనవళ్లెక్కడి నుంచి వస్తారు?

మర్నాటి నుంచి రేడియో మూగబోయింది. అడిగితే తలనొప్పి అంది. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు నేను గయ్యిమన్నాను.

"ఆ పోరనికి ఫోన్ చేసి నాలుగు పెడతా చూడు!"

"వాన్నేమనకే. అందరు అనేదే వాడన్నడు. టీవీల సుత గంతే కదా, జెర వయసు మీద పడ్డ హీరోయిన్ చీర కట్టినా నవ్వుతరు, గౌను ఏసినా నవ్వుతరు. మనం సుత కూసొని నవ్వినం." వంకాయ తరగడం ఆపింది. "నా తక్లీఫ్ అది కాదు. లేని మనవళ్ల పేరెందుకు చెప్పిన? నాకే కావాలె అననీకె సిగ్గేసిందే."

నా కోపమంతా నీరుగారిపోయింది. ఏడుపొచ్చింది, ఉల్లిగడ్డల మీదికి నెట్టేశాను.

ఆ తర్వాత చాలా రోజులు రేడియో లేక కొట్టు బోసిగా ఉంది. ఒక పొద్దున దొండకాయ వేపుడు పొయ్యి మీద ఉండగా అక్క రేడియో పెట్టింది. వాడి గొంతు వినగానే ఫోన్ తీసింది. ఎన్నిసార్లు కట్టయినా వదల్లేదు. చివరికి కలిసింది.

"హలో బామ్మా! బాగున్నరా?"

"మంచిగున్న బిడ్డా." మళ్లీ అదే పాట చెప్పింది.

"ఈసారి ఎవరికి?"

కొట్టు ముందు నలుగురైదుగురు ఉన్నారు. అక్క వాళ్లవైపు చూసింది, నావైపు చూసింది.

"నాకే."

ఆ వాగుడుకాయ మొదటిసారి ఆగాడు. "మీకేనా?"

"నాకే. జెర జల్ది ఎయ్యి."

వేశాడు. అక్క సౌండు పెంచింది, గరిటె పట్టుకుని ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. దొండకాయ మాడింది. ఆ రోజు మా అక్క ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.