తొరిక మోసిన ఇసుక

ఇప్పుడు సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల సంచులు తూకం వేసేది తొరికే. ఆమె ముందు నిలబడ్డ కుర్రాళ్లు ఊపిరి బిగబడతారు. కండావు దీవిలోని సొంత ఊళ్లో అడిగితే మాత్రం ముందు ఆమె వీపు గురించే చెబుతారు. చేమదుంపల గంప వీపున వేసుకుని కొండ దిగుతుంటే మగవాళ్లే పక్కకు తప్పుకునేవారట. మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆడది బరువు మోస్తే పని, మగవాడు మోస్తే బలం. ఈ న్యాయం ఎవరు చెప్పారో వాళ్లనే అడగాలి.

సైన్యంలో చేరగానే ఆమెను వంటశాలలో పడేశారు. ఏళ్ల తరబడి కర్రపెండలం చెక్కు తీసింది. తుపాకీ పట్టి నడిచే పదాతి దళంలోకి ఆడవాళ్లనూ తీసుకుంటారని, పరీక్ష మాత్రం అందరికీ ఒకటేనని కబురు రాగానే చేతులు కడుక్కుని వెళ్లి పేరు ఇచ్చింది. పరీక్ష అంటే పగలంతా కొండలమీద నడక. వీపున సంచి, సంచిలో మిగతా సామానుతో పాటు ఇసుక మూట. పొద్దు గుంకేలోగా శిబిరం చేరాలి, అక్కడ సంచి తూకం వేస్తారు. తప్పితే మళ్లీ వంటశాలే. వయసు దాటిపోతోంది కనుక ఇంకో అవకాశం లేదు.

ఆమెతో పరీక్షకు నడిచే జట్టులోనే పెనాయా ఉన్నాడు. తొరికకు పెదనాన్న కొడుకు. అన్నాచెల్లెళ్లు ఈడొచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడకపోవడం వాళ్ల ఆచారం. కోపంతో కాదు, గౌరవంతో. ఊళ్లో ఆమె గంపతో ఎదురైతే పెనాయా ఒక్క మాటా లేకుండా అందుకుని, ఆమె వాకిట్లో దించి పోయేవాడు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో బావ వరస వాడుండాలి. ఆ బావ ఇసికేలీ కూడా జట్టులోనే ఉన్నాడు, ఒక్క క్షణం నోరు మూసుకుని ఉండలేని మనిషి.

"ఏం మరదలా, దారిలో కూలబడితే నిన్ను నేనే ఎత్తుకోవాలి. నా నడుం ఏం కాను?" అన్నాడు బయలుదేరే ముందు.

"నువ్వు కూలబడితే నేను ఎత్తుకోను బావా. దాటుకుని పోతా."

సార్జెంటు తుయివాంగా నవ్వలేదు. "నాకు అన్నా తెలీదు, చెల్లీ తెలీదు. సంచి బరువొక్కటే తెలుసు. నడవండి," అన్నాడు.

మధ్యాహ్నం వాగు దగ్గర అందరూ సంచులు దించి నీళ్లు తాగారు. మళ్లీ ఎత్తుకున్నాక తొరికకు సంచి కాస్త తేలికగా అనిపించింది. ఒళ్లు అలవాటు పడిందనుకుంది. ఎక్కుడు సగం అయ్యేసరికి అనుమానం వచ్చి చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. ఇసుక మూట లేదు. ముందు నడుస్తున్న పెనాయా సంచి అడుగున ఉబ్బి ఉంది. అతను ఒంగిపోయి నడుస్తున్నాడు.

"బావా, ఏం చేశాడు మా అన్న?"

ఇసికేలీ గొంతు తగ్గించాడు. "చూడలేకపోయాడే. సంచి పట్టీకి నీ మెడ కోసుకుపోయింది గదా. చివరి మలుపులో మళ్లీ పెట్టేస్తాడు. సార్జెంటుకేం తెలుస్తుంది? గమ్మున నడు."

"ఇప్పుడే ఇచ్చెయ్యమను."

అతను పరిగెత్తి వెళ్లి చెప్పి, తిరిగొచ్చాడు. "వినట్లేదు మరదలా. వినపడనట్టే పోతున్నాడు."

అది దొంగతనం కాదు, ప్రేమే. ప్రేమేనని తెలిసే ఆమెకు ఒళ్లు మండింది. నోరు మూసుకుంటే చాలు, కోరుకున్నది చేతికొస్తుంది. అన్నతో నోరు తెరిస్తే ఊళ్లో తల ఎత్తుకోలేదు. తొరిక గబగబా ఎక్కి పెనాయా దారికి అడ్డంగా నిలబడింది. అతను చూపు దించేశాడు.

"అన్నా," అంది.

చిన్నప్పుడు ఆగిపోయిన పిలుపు. వెనక వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నా ఇసుక నాకిచ్చెయ్ అన్నా."

పెనాయా సంచి విప్పి, మూటను దారి మధ్యలో పెట్టి, పక్కనుంచి వెళ్లిపోయాడు. తొరిక మూట సంచిలో వేసుకుంది. వేసుకుని పైకి ఎక్కిందా? లేదు, కిందికి దిగింది. వాగుదాకా పోయి, ఇసుక లేకుండా ఎక్కిన దారినే అక్కడినుంచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. "నీకు పిచ్చా మరదలా?" అని ఇసికేలీ అరిచినా వెనక్కి తిరగలేదు. ఏం మనిషండీ, ఆ తెగువకు దండం పెట్టాలి.

అందరికన్నా ఆఖరున, కొండ వెనక పొద్దు దిగుతుండగా వచ్చింది. సార్జెంటు సంచి తూచాడు. బరువు సరిపోయింది.

"ఎందుకింత ఆలస్యం?"

"వాగు దగ్గర ఒకటి మర్చిపోయాను సార్. వెనక్కి వెళ్లాను." అన్న పేరు ఎత్తలేదు. వెనక వరసలో పెనాయా బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆచారం తప్పినందుకు క్షమించమని, మర్నాడు పొద్దున తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే ఎండిన యంగోనా మొక్క వేళ్ల కట్ట ఇసికేలీ చేత అన్నకు పంపింది. పెనాయా వాళ్ల మర్యాద ప్రకారం అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టి పుచ్చుకున్నాడు. తొరిక నాలుగడుగుల దూరంలో బూట్లు తుడుచుకుంటోంది. పెనాయా ఆమెవైపు వీపు పెట్టి కూర్చుని, చేమదుంప తింటూ, బావతో గట్టిగానే అన్నాడు.

"ఇసికేలీ, మా చెల్లితో ఒక మాట చెప్పు. రేపు ఎక్కడైనా నాకు తూటా తగిలితే ఇంకెవరూ నన్ను ముట్టుకోవద్దు. తనే మొయ్యాలి."

ఇసికేలీ ఆమెవైపు తిరిగి నోరు తెరిచాడు.

"విన్నాన్లే బావా," అంది తొరిక, చేతిలో బూటు దించకుండానే. "సరేనన్నానని చెప్పు. ఇప్పట్నుంచే కాస్త తిండి తగ్గించమను."