నేను కనిపెట్టిన పట్టణం

మంగళవారం, ఎండాకాలం మొదలు. హాజరు: నేను, టీకొట్టు పిన్నిగారు, సాయంత్రానికి మా ఆఫీసరుగారు. (డైరీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి మర్నాడు చెయ్యి రాలేదు.)

ఆ రోజుల్లో కొత్త ఉద్యోగమంటే ఎవరికైనా భయముండేది. నాకు మాత్రం అన్నీ తెలుసన్న ధీమా ఉండేది. తెనాలిలో గణాంకాల ఆఫీసులో చేరి ఐదు నెలలైంది. ఆరో నెల నిండేలోగా ఆఫీసరుగారు సరేనంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. ఆయన గోడమీద మ్యాపులో తెనాలి, బాపట్ల, రేపల్లె ఎర్రచుక్కలుగా మెరుస్తుండేవి. పొలం పని కాక వేరే పనులతో బతికేవాళ్లు బాగా ఎక్కువైన ఊరికి పట్టణమని కొత్త చుక్క పెట్టాలి. చెరుకుపల్లి అవతల ఓ ఊరికి నన్ను పంపుతూ, "ఇంటింటికీ తిరిగి అడగవయ్యా" అన్నారు.

బస్సు దిగేసరికి ఒకటే సందడి. గాజులవాళ్లు, పేరాల చీరలవాళ్లు, కత్తులు సానపట్టేవాళ్లు. ఇంత జనం వీధిలోనే ఉంటే ఇళ్ల చుట్టూ తిరగడమెందుకని (ఎండ కూడా మండిపోతోంది లెండి) టీకొట్టు బల్లమీద కూర్చుని కనబడ్డవాళ్లనల్లా రాసుకున్నాను.

"పిన్నిగారూ, ఆ పెద్దాయన ఏం చేస్తారండి?"

"కుండలమ్ముతాడు బాబూ."

"ఆ పక్కాయన?"

"బెల్లం. ఏంటి బాబూ, పెళ్లిగానీ పెట్టుకున్నావా, ఇన్ని అడుగుతున్నావు?"

సాయంత్రం నా కాగితం చూసి ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచారు. "రైతన్నవాడే లేడా! తెనాలిని మించిపోయిందే! రేపు నేనే వచ్చి చూస్తాను."

మర్నాడు పొద్దున జీపు దిగితే వీధిలో ఒక కుక్క ఉంది. ఊరు ఊరంతా మినుము తీతకు పోయింది.

"ఏమ్మా, మావాడు చూసిన పట్టణం ఏదీ?" అన్నారు ఆఫీసరుగారు, టీకొట్టులో గ్లాసు అందుకుంటూ.

"మళ్లీ మంగళవారం వస్తుందండి," అంది పిన్నిగారు. "నిన్న సంత కదండీ!"

"మరి నాకు చెప్పలేదేం పిన్నిగారూ?"

"ఎవరేం అమ్ముతారో అడిగావు, చెప్పాను. ఏ ఊరివాళ్లో అడిగావా నాయనా?"

ఆఫీసరుగారు నవ్విన నవ్వుకి గ్లాసులో టీ చొక్కా మీద పడింది. "తప్పు రాసినందుకు ఉద్యోగం తీయనులే. మళ్లీ ఈ బల్లమీద కూర్చుంటే మాత్రం తీసేస్తాను. నడువు."

నడిచాను. ఇళ్లకు తాళాలుండడంతో చేలకే వెళ్లి, గట్లమీద నిలబడి ఒక్కొక్కరినీ అడిగి, వ్యవసాయం, వ్యవసాయం అని రాసుకుంటూ పోయాను. అంత ఉక్రోషంలోనూ చేతిరాత చెదరలేదు. మూతి ముడుచుకుని మినుము చేలల్లో తిరుగుతున్న ఆనాటి నేను ఇప్పుడు నాకు ఎదురైతే, నీడన కూర్చోబెట్టి ఓ టీ ఇప్పిద్దును.