వాన చీలే గట్టు

ఈ దీవిలోని తుష్నాబాద్‌లో మా కొండగట్టు మీద నిన్న పాతిన సరిహద్దు రాళ్లు ఇంకా పచ్చి పెయింటు వాసన కొడుతున్నాయి. ఆ వాసన తగలగానే, యాభై దాటిన మనిషినని మరిచి గంతేయాలనిపించింది. ఈ మధ్యాహ్నం చిన్నాన్న సంతకం పెడితే ఈ కొండవాలును ఇక ఎవరూ ఎప్పటికీ అమ్మలేరు, చదును చేయలేరు. పెట్టకపోతే రాళ్లు పీకేయాల్సిందే.

వాలు కింద మా ఊట ఉంది. నా చిన్నప్పుడు ఉగాది అంటే పచ్చడి కన్నా ముందు ఖాళీ డబ్బాల చప్పుడు. పట్నంలో, షాదీపూర్‌లో, కుళాయిలు ఎండిపోయే ఆ రోజుల్లో మా మేనత్త పిల్లలందరినీ, డబ్బాలన్నిటినీ వెంటేసుకుని బస్సు దిగేది. వక్కచెట్ల నీడలో, పళ్లు జిల్లుమనే నీళ్లలో మేం గంటలకొద్దీ మునుగుతుంటే, ఇంట్లో కొబ్బరి బూరెలు వేగే వాసన, మర్నాడైతే పచ్చిమామిడి వేసిన చేపల పులుసు వాసన గాలిలో తేలి వచ్చి మమ్మల్ని ఒడ్డుకు లాగేవి. మామ్మ మాత్రం కర్ర పట్టుకుని దారికి అడ్డంగా కూర్చునేది. వంటచెరకు కోసం ఎవరైనా పైకి అడుగు వేశారా, అంతే.

"పైన గొడ్డలేత్తే కింద బిందె ఎండిపోద్ది. ఏటిరా, ఇనపడ్డాదా?"

తొలివాన పడిందంటే మాకు పండగ మీద పండగ. అప్పటికి మీసం కూడా సరిగా రాని చిన్నాన్న మమ్మల్ని తడుపుకుంటూ గట్టు నెత్తి మీదికి తీసుకెళ్లేవాడు. నేల మీద పారే సన్నటి ధారలో ఆకు వేసి, అది మన ఊటవైపు దిగుతుందా, అవతల రోడ్డువైపు జారుతుందా చెప్పమనేవాడు. సరిగ్గా చెప్పినవాడికి చింతపండు బెల్లం ఉండ. అందరూ ఉండ చప్పరించి ఊరుకునేవారు, నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. వాన రెండుగా చీలే ప్రతిచోటా పుల్ల గుచ్చాను. వానవానకూ సరిచేశాను. పుల్లల వరస వంకరటింకరగా కొండంతా చుట్టివచ్చింది. ముడులేసిన కొబ్బరితాడుతో ఆ వంకర నేలను ముక్కోణాలుగా కొలిచి, బొగ్గుతో గోడమీద కూడుతుంటే మామ్మకు దొరికిపోయాను.

"గోడంతా లెక్కలేనా? సున్నం నీ అయ్యేత్తాడా?"

అప్పట్లో పక్క కొండ కూడా ఇలాగే ఉండేది. ఇప్పుడది బల్లపరుపుగా ఇళ్ల వరస. దాని కింద మేం తువాళ్లతో రొయ్యలు పట్టిన వాగు సిమెంటు కాలువైంది, సాయంత్రమైతే చెవులు హోరెత్తించే కప్పలు ఒక్కటీ లేవు.

అది చూశాకే మా వాళ్లంతా భూమిని ట్రస్టుకు రాసిద్దామనుకున్నారు. కానీ ఊట చుట్టూ కంచె వేస్తే చాలనుకున్నారు. నీళ్లు పుట్టేది ఊటలో కాదు, వాన చీలే గీత దాకా ఉన్న వాలంతా కలిస్తేనే ఊట అని నా పాత పుల్లల వరసను కాగితం మీద గీసి చూపించాను. నిన్న రాళ్లు పాతింది ఆ వరస వెంబడే. ఆ వాలంతా చిన్నాన్న వాటా. దాని మీద ఒక కాంట్రాక్టర్ కన్ను వేసి ఏడాదిగా తిరుగుతున్నాడు.

ఇప్పుడు అరుగు మీద వకీలు చదువుతున్నాడు: కింద ఇంటి స్థలం చిన్నాన్నదే, పైవాలు ట్రస్టుది. అమ్మకూడదు, పంచుకోకూడదు, కట్టకూడదు. రేపు ట్రస్టీలు మారినా షరతు మారదు. చిన్నాన్న కళ్లజోడు తీసి నావైపు తిరిగాడు.

"రేపు నాకు బుద్ధి మారితేనో?"

"మారినా కుదరదు, చిన్నాన్నా."

"నా కొడుకులు ఏడిస్తే?"

"కుదరదు."

"కాంట్రాక్టర్ భయ్యా డబుల్ ఇత్తానంటే?"

"అప్పుడూ కుదరదు."

చిన్నాన్న పగలబడి నవ్వాడు.

"బస్, అదీ! కంచె కొండకి కాదురా, నా బుద్ధికి కావాల. పెన్నిలా తే, జల్దీ, మళ్లీ మారిపోద్ది!"