మంద మార్కాపురం బయలుదేరింది

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన ఏడాది, మార్కాపురం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంక్యుబేషన్ సెంటర్ మేనేజరుగా చేరాను. విద్యార్థుల స్టార్టప్‌లకు గది, పరికరాలు, సలహా సమకూర్చడం నా పని. ఒక జట్టు పలకల గనుల వ్యర్థంతో టైల్స్ చేసేది, ఇంకొకటి మిరపకాయలు ఎండబెట్టే యంత్రం మీద ఉండేది.

చివరి ఏడాది విద్యార్థిని మల్లేశ్వరిది తర్లుపాడు పక్క పల్లె, గొర్రెలు పెంచే ఇల్లు. అంతకుముందు ఏడాది వాళ్ళ మందలో సగాన్ని దొంగలు వ్యానులో ఎత్తుకుపోయారు. అందుకే గొర్రె మెడకు కట్టే పట్టీ ఒకటి తయారుచేసింది. గొర్రెను బండి ఎక్కిస్తే ఆ వేగాన్ని పసిగట్టి ఫోనులో సైరన్ మోగిస్తుంది. ప్రోటోటైప్, అంటే తొలి నమూనా, స్టార్టప్‌లను ఎంపికచేసే ప్యానెల్ ఎదుట పనిచేస్తేనే సెంటర్‌లో చోటు. లేకుంటే పట్టీని మూలన పడేసి హైదరాబాదు ఉద్యోగంలో చేరాల్సిందే.

ప్యానెల్ కూర్చున్న రోజు తెర మీది మ్యాపులో ఒక్కో పట్టీకి ఒక్కో చుక్క, అన్నీ ఒకేచోట ఉన్నాయి. మందను ఇంకా దొడ్డి నుంచి తోలలేదని ఆమె వివరిస్తుండగానే చుక్కలు ఎర్రబడి మార్కాపురం రోడ్డెక్కాయి. సైరన్ మోగింది. మల్లేశ్వరి ముఖం పాలిపోయింది. తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తడు. చుక్కలు రైలు గేటు దగ్గర ఆగాయి. దొంగలు దొరికారని మేం చప్పట్లు కొట్టాం. గేటు తీసినట్టున్నారు, మళ్ళీ కదిలాయి. చివరికి మా కాలేజీ దారి పట్టాయి.

గిద్దలూరు నుంచి వచ్చిన ప్యానెల్ పెద్ద లేచి నిలబడ్డారు. "దొంగలు మన దగ్గరికే వస్తన్నారేంది?"

అందరం కాలేజీ గేటుకు పరుగెత్తాం. ఆటో ఆగింది. ఇస్త్రీ పంచె, చేతిలో సంచితో మల్లేశ్వరి తండ్రి దిగాడు. సంచిలో పట్టీలు, ఒక్కోదానికీ పసుపూ కుంకుమ.

"ఏంది నాయనా ఇది?"

"పెద్దోళ్ళు చూస్తారంటివి గదమ్మా. దుమ్ము కొట్టుకొని ఉండె. తుడిచి, బొట్లు పెట్టి తెచ్చినా."

మంద దొడ్లోనే భద్రంగా ఉందట. ప్యానెల్ పెద్ద నవ్వాపుకోలేక గేటు అరుగు మీద కూలబడ్డారు. నాకైతే కళ్ళ నీళ్ళొచ్చాయి. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. దొంగతనం ఇంత బాగా ఎవరూ చూపించలేదని ఆయన అక్కడే సంతకం పెట్టేశారు. మల్లేశ్వరి ఏడుస్తూ నవ్వింది.

నవ్వులు తగ్గాక ఆమే అంది, "సార్, నాయన విప్పినప్పుడు మోగలేదు. దొంగ విప్పినా మోగదు." ఆ మాట మా ఎవరికీ తట్టలేదు. తర్వాత ఆమె చేసిన మొదటి మార్పు, పట్టీ విప్పితే మోగడం. అప్పటి నుంచి నమూనా ఏదైనా ప్యానెల్ కంటే ముందు ఇంటివాళ్ళ చేతికి ఇప్పిస్తున్నాను. వాళ్ళు దాన్ని ఏం చేస్తారో మాకెవరికీ ముందుగా తెలియదు.