పక్కీరమ్మ సంచి తీయించుకోలేదు

తెక్కలకోట చుట్టుపక్కల మిరప కోతలు మొదలయ్యాయంటే చేలో తుమ్ములే తుమ్ములు. ఆ తుమ్ములంటేనే పక్కీరమ్మకు భయం. మూడో కాన్పు తర్వాత తుమ్మినా, దగ్గినా, మూట ఎత్తినా చీర తడిసేది. పద్దెనిమిదేళ్లుగా లోపల గుడ్డ కట్టుకుని, పొద్దున నీళ్లు తాగడం మానేసి కూలికి పోయేది.

అత్త నాగలక్ష్మమ్మకు చెప్పుకుంటే, "ఆడదానికి ఇది మామూలే లే. నేను పడలేదా?" అంది. నర్సింగ్ హోమ్ డాక్టరు చూసి, గర్భసంచి కొంచెం జారింది, తీసేద్దామన్నాడు. భర్త హొన్నూరుస్వామి సరేనని తలూపాడు.

"ఆ సంచి మీ ఇద్దరిదీ కాదు కదప్పా," అంది పక్కీరమ్మ. "వేరే దారి ఉండాదేమో కనుక్కోందే కోయించుకోను."

దారి చూపింది ఊరి ఆశా కార్యకర్త సవిత. బళ్లారిలో ఆడవాళ్లకు ఫిజియోథెరపీ చేసే రశ్మి దగ్గరికి తీసుకుపోయింది.

"మోకాళ్లకు చేసేది కదమ్మా అది?" అని అడిగింది పక్కీరమ్మ.

"లోపలి కండరాలకూ చేస్తామమ్మా. కాన్పులకు అవి సాగినాయి," అంది రశ్మి. "ఉచ్చ ఆపుకునేటప్పుడు బిగిసే చోటును పైకి లాగి, ఐదు లెక్కబెట్టి, పూర్తిగా వదలాల. ఊపిరి బిగబట్టొద్దు. మూడు నెలలు చేసి చూద్దాం. తగ్గకుంటే అప్పుడు ఆపరేషన్ మాట."

పక్కీరమ్మకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంతటి మాట ఇన్నేళ్లలో ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?

పదిహేను రోజులకోసారి బళ్లారికి పోవడం చూసి, ఒకనాడు కూలీల మేస్త్రీ వీరభద్రప్ప చేలో అందరి ముందూ అడిగాడు. "ఏం పనమ్మా నీకు ఆడ?"

"తుమ్మితే ఉచ్చ కారతాండాది వీరభద్రప్పా. దానికి కసరత్తు నేర్చుకుంటాండా. ఇంగా ఏమన్నా అడగాల్నా?"

ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. వీరభద్రప్ప గోతాల వైపు పోయాడు. పక్క సాలులో కాయలు కోస్తున్న నాగక్క మెల్లగా అంది. "నాకూ అంతేనే."

ఆ మధ్యాహ్నమే మిరపచెట్ల నడుమ కూర్చుని నాగక్క ఐదు లెక్కబెట్టింది.

మూడో నెల నిండేసరికి పక్కీరమ్మ తుమ్మితే చీర తడవడం మానింది. బరువు ఎత్తితే మాత్రం కొంచెం తెలుస్తూనే ఉంది. అందుకే మూట ఒంటరిగా ఎత్తనని మేస్త్రీకి చెప్పేసింది. ఆపరేషన్ ఎప్పుడని నర్సింగ్ హోమ్ నుంచి ఫోను వస్తే, "నా సంచి నాకాడనే ఉంటాది," అని పెట్టేసింది.

ఒక సాయంత్రం నాగలక్ష్మమ్మ కోడలి పక్కన చేరింది. "ఎన్ని లెక్కబెట్టాలే?"

"ఇన్నాళ్లూ మామూలే అంటివే అత్తా."

"మా కాలంలో ఎవురు చెప్పినారు?"

పక్కీరమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. "ముందు రశ్మమ్మ చూడాల. బేస్తవారం నాతోపాటు బస్సెక్కు," అంది. హొన్నూరుస్వామి ఏదో అనబోతే, ఇద్దరూ ఒకేసారి అతని వైపు చూశారు.